ముసర లేదని రుజువు చేయడం: ఒక మండలం పశువైద్యుడి కేస్ స్టడీ

మొన్నామధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక డాక్టరు ఫోన్ చేసి అడిగాడు. "సార్, ఇండియా ఆ ప్రపంచ పశు ఆరోగ్య సంస్థలో సభ్యదేశం అంటారు, ఏటా మే నెలలో ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు పారిస్ వెళ్ళొస్తారు, దానివల్ల మన మండలంలో ఒక్క గేదెకైనా ఒరిగిందేమిటి?" మంచి ప్రశ్నే, సర్వీసులో చేరిన కొత్తలో నాకూ ఇదే అనుమానం ఉండేది. ఫోన్లో రెండు మాటల్లో తేలేది కాదు కాబట్టి నేను చేతులారా పనిచేసిన ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. జబ్బు ముసర, అంటే పశువులను చంపే రిండర్‌పెస్ట్ అనే అంటువ్యాధి. అప్పుడు నేను ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట మండలంలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌ని.

ఈ కథ మన పశువులతోనే మొదలైంది. 1920లో మన దేశం వైపు నుంచి బ్రెజిల్‌కి ఓడలో పంపిన మూపురం పశువులను దారిలో బెల్జియంలోని ఆంట్‌వర్ప్ రేవులో దించారు. వాటితో పాటు ముసర కూడా దిగింది. యూరప్ వాళ్ళు ఇక పోయిందనుకున్న జబ్బు బెల్జియం కొట్టాల్లో మళ్ళీ కనిపించేసరికి హడలిపోయారు. మరుసటి ఏడాది బ్రెజిల్‌లో సావో పాలో దగ్గర కూడా అది బయటపడింది. ఒక దేశంలో జబ్బు వస్తే మిగతా ప్రపంచానికి చెప్పే ఉమ్మడి ఏర్పాటు అప్పటికి లేదు. ఆ భయంతోనే పారిస్‌లో కూర్చుని మాట్లాడుకుని, చివరికి 1924 జనవరి 25న 28 దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టి ఈ సంస్థను ఏర్పాటు చేశాయి. ఫ్రెంచ్ పేరులోని అక్షరాలతో దాన్ని ఓఐఈ అనేవాళ్ళం, 2022 నుంచి డబ్ల్యూఓఏహెచ్ అంటున్నారు. ఇది ఐక్యరాజ్యసమితి కంటే, మనుషుల ఆరోగ్యం చూసే డబ్ల్యూహెచ్‌ఓ కంటే పాతది. ఇప్పుడు 183 సభ్యులు ఉన్నారు.

చేరడం కష్టమేమీ కాదు. 1924 ఒప్పందానికి కట్టుబడతామని ఫ్రాన్స్ ప్రభుత్వానికి తెలియజేయాలి, ఎందుకంటే ఆ ఒప్పందాన్ని భద్రపరిచే బాధ్యత వాళ్ళది. చందాకు ఆరు తరగతులు ఉంటాయి, ఎందులో కట్టాలో ఆ దేశమే ఎంచుకుంటుంది. ఎక్కువ కట్టినంత మాత్రాన ఓట్లు పెరగవు, అమెరికాకైనా భూటాన్‌కైనా ఒక్కటే ఓటు. మన తరఫున సాధారణంగా కేంద్రంలోని యానిమల్ హస్బెండరీ కమిషనర్ డెలిగేట్‌గా వెళతారు.

కష్టమంతా చేరిన తర్వాతే. జాబితాలో ఉన్న జబ్బు ఏదైనా కొత్తగా బయటపడితే, నిర్ధారణ అయిన 24 గంటల్లో చెప్పాలి, ఆరు నెలలకొకసారి దేశం మొత్తం పరిస్థితి రాసి పంపాలి. చెప్పిన మర్నాడే ఎవరో ఒకరు మన సరుకు కొనడం ఆపేస్తారని తెలిసి కూడా చెప్పాలి. ఇంకొకటి ఉంది, నా కేసంతా దాని గురించే. "మా దేశంలో ఫలానా జబ్బు లేదు" అంటే అక్కడ ఎవరూ మాట మీద నమ్మరు, లేదని రుజువు చూపించాలి. ఉందని చూపించడానికి ఒక్క పశువు చాలు, లేదని చూపించడానికి ఎన్ని పశువులు కావాలి?

ఈ తరం డాక్టర్లు ముసరను చూడలేదు, నాకు సంతోషంగా ఉంటుంది. మా తరానికి కూడా పుస్తకంలో చదివింది ఎక్కువ, చూసింది తక్కువ. విపరీతమైన జ్వరం, కళ్ళ వెంట పుసులు, నోటి వెంట చొంగ, చిగుళ్ళ మీద తవుడు చల్లినట్టు పుండ్లు, ఆ తర్వాత ఆగని పారుడు. వారం పది రోజుల్లో పశువు పోయేది. ఒక్కటి కాదు, కొట్టం మొత్తం ఖాళీ అయ్యేది. ఒకే ఏడాదిలో కాడి ఎద్దులు రెండూ పోయి, పొలం కౌలుకిచ్చి కూలికి వెళ్ళిన కుటుంబాల గురించి మా మండలంలో ముసలివాళ్ళు చెప్పేవాళ్ళు. 1954లో దేశమంతటా టీకాల కార్యక్రమం మొదలైంది. టీకా మంచిది, ఒక్కసారి వేస్తే ఆ పశువుకు జీవితాంతం రక్షణ. అయినా దక్షిణాదిలో ఏదో ఒక మూల మిగిలిపోతూ వచ్చింది. 1992లో యూరప్ దేశాల సాయంతో జాతీయ రిండర్‌పెస్ట్ నిర్మూలన ప్రాజెక్టు మొదలయ్యాక పని పద్ధతి మారింది. 1995లో తమిళనాడు ఉత్తర ఆర్కాటులో, అంటే మన చిత్తూరు పక్కనే, వచ్చిందే దేశంలో చివరిది.

చివరిది అని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను. అప్పుడు అది చివరిదని ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత వచ్చిన ఆర్డరు మాకందరికీ టెన్షన్ పెట్టింది: ముసర టీకాలు ఆపేయండి. నలభై ఏళ్ళుగా వేస్తున్న టీకా అది. కారణం ఏమిటంటే, టీకా పడిన పశువు రక్తంలో కనిపించే యాంటీబాడీలు, జబ్బు వచ్చి తగ్గిన పశువు రక్తంలోవి, పరీక్షలో ఒకేలా కనిపిస్తాయి. టీకా వేస్తూ ఉన్నంత కాలం వైరస్ నిజంగా పోయిందో, టీకా చాటున దాక్కుని తిరుగుతోందో తేల్చే దారి లేదు. కాబట్టి ముందు టీకా ఆపాలి, తర్వాత పుట్టిన దూడల రక్తం చూడాలి. కాగితం మీద ఇది చాలా సులువైన లెక్క. ఊళ్ళో చెప్పడం మాత్రం అలా లేదు. ఒక పెద్దాయన, తన చిన్నప్పుడు ముసర చూసినాయన, నన్ను కొట్టం దగ్గర ఆపి అడిగాడు: "డాక్టరు బాబూ, టీకాలు ఆపేశారంట గదా, రేపు మళ్ళీ వస్తే ఎవరు పూచీ?" నేను "పెద్దాయనా, వస్తే మొదట తెలిసేది నాకే, మీరు దాచకుండా కబురు పెట్టండి చాలు" అన్నాను. నిజానికి నా దగ్గర అంతకంటే పెద్ద సమాధానం లేదు, ఆ రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

ఇక వెతుకులాట. దీన్నే విలేజ్ సెర్చ్ అనేవాళ్ళం. ఊరూరా తిరిగి, రైతులను కూర్చోబెట్టి, ఈ మధ్య ఏ పశువుకైనా నోట్లో పుండ్లు, పారుడు కలిసి వచ్చాయా అని అడగాలి. ఏవీ లేకపోతే "నిల్" అని రాసి సంతకం పెట్టాలి. దీనితో పాటు సంతలకు పశువులు నడిచి వెళ్ళే దారులు, చెక్‌పోస్టులు, చివరికి మా ఆసుపత్రి రిజిస్టర్లు కూడా వెతకాలి. మా రిజిస్టర్లను మేమే కాదు, బయట నుంచి వచ్చిన టీము కూడా తిరగేసేది. అప్పట్లో నాకు అది అవమానంగా అనిపించేది, మేము రాసింది మళ్ళీ వీళ్ళు చూడటమేమిటని. ఆ తిరగేయడంలోనే నా తప్పు దొరికింది.

ఏం జరిగిందంటే, ఒక రోజు తన జీవాల మంద మొత్తం పారుకుంటోందని ఒక కాపరి రెండు మేకలను తోలుకొచ్చాడు. అది రద్దీ రోజు. నేను మందిచ్చి, రిజిస్టర్లో "మేకలు 2, విరేచనాలు" అని రాసి వదిలేశాను. నోరు తెరిచి చూశానా? గుర్తు లేదు. చూసి ఉంటే రాసేవాడిని కదా. మూడు వారాల తర్వాత వచ్చిన టీములో ఒకాయన సరిగ్గా ఆ వరుస మీద వేలు పెట్టి, "నోట్లో ఏముంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఏ ఊరో రాశాను గానీ ఆ మంద ఎవరిదో రాయలేదు. అప్పటి నా పై అధికారి ఒకాయన పక్కకు పిలిచి "అజీర్తి అని రాసేయవయ్యా, ఇప్పుడు లేనిపోని గొడవెందుకు, రాష్ట్రం మొత్తానికి మచ్చ" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. అన్నేళ్ళ కష్టం మా మండలం దగ్గర ఆగిపోతుందేమోనని నాక్కూడా గుండె దడదడలాడింది. కానీ అజీర్తి అని రాయలేదు. రాసి ఉంటే ఇవాళ ఈ కేసు గురించి మాట్లాడే అర్హత నాకు ఉండేది కాదు.

మర్నాడు పొద్దున్నే ఆ ఊరు వెళ్ళాం. మంద అప్పటికే మేత కోసం పక్క మండలం వైపు వెళ్ళిపోయింది. వెతుక్కుంటూ వెళితే సాయంత్రానికి దొరికింది. ఆ కాపరి మమ్మల్ని చూడగానే జీవాలను పట్టుకుపోతామని, కాల్చేస్తామని భయపడ్డాడు. ఎవరో అలా చెప్పారట. గంటసేపు కూర్చుని మాట్లాడితే గానీ నోరు తెరిచి చూడనివ్వలేదు. గొర్రెల్లో, మేకల్లో నాలుగైదింటికి చిగుళ్ళ మీద పుండ్లు, ముక్కు చీమిడి, దగ్గు, పారుడు. ముసర గొర్రెలకూ మేకలకూ కూడా వస్తుంది. ముసర కాని ఇంకో జబ్బు, దాని దాయాది లాంటిది, పీపీఆర్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. మన దేశంలో పీపీఆర్‌ను మొదట గుర్తించింది 1987లో, తమిళనాడు విల్లుపురం దగ్గర. అంతకు ముందు గొర్రెలలో ముసర అని రాసుకున్న కేసుల్లో ఎన్ని అసలు పీపీఆరో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పారుడు రోగం అని మన కాపరులు పిలిచేది దీన్నే.

కంటి నీరు, ముక్కు చీమిడి, చిగుళ్ళ మీద గీకిన పొర, రక్తం తీసుకున్నాం. అప్పుడే చనిపోయిన ఒక గొర్రెను కోసి ప్లీహం, లింఫు గ్రంథులు సేకరించాం. అన్నీ థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి, రాత్రి బస్సులో మనిషిని ఇచ్చి హైదరాబాదు పంపాం. ఫలితం వచ్చే వరకు ఆ మందను అక్కడే నిలబెట్టాలి, అంటే మేత మేము చూడాలి. దానికి బడ్జెట్ లేదు. ఊళ్ళో ఇద్దరు రైతులు శనగ పొట్టు, చొప్ప ఇచ్చి ఆదుకున్నారు. ఆ ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ళలో కూడా ఆవులను, గేదెలను ఒక్కొక్కటిగా చూశాం, ఎందుకంటే అది ముసర అయితే వాటిలో బయటపడకుండా ఉండదు. ఒక్క పశువుకూ లేదు. పరీక్షలో పీపీఆర్ అని తేలింది. నేను కొట్టం అరుగు మీద కూర్చుండిపోయాను.

ఇలాంటి కథలు దేశమంతటా వందల మండలాల్లో ఉంటాయి, నేను నాకు తెలిసినంతే చెబుతున్నాను. 1998లో భారత్ తాత్కాలికంగా ముసర లేని దేశమని తనకు తాను ప్రకటించుకుంది. తాత్కాలికం వరకు దేశమే ప్రకటించుకోవచ్చు, ఆ పైన పారిస్ ఒప్పుకోవాలి. తర్వాతి మెట్టు జబ్బు లేని దేశం, ఆ పై మెట్టు అసలు వైరస్ సంచారమే లేని దేశం. ఈ చివరి మెట్టుకే దూడల రక్తం కావాలి.

ఈ రక్తం తీసే పని చెప్పుకోవాలి. టీకా ఆగిన తర్వాత పుట్టినవే కావాలి, పుట్టిన తేదీ కాగితాలు ఎవరి దగ్గరా లేవు, కాబట్టి పళ్ళు చూసేవాళ్ళం. పాలపళ్ళ దూడ అయితే తీసుకో, రెండు పళ్ళు వచ్చినదైతే రైతును గుచ్చి గుచ్చి అడుగు. పైనుంచి ఏ ఊరు అని లాటరీలా ఎంపికై వచ్చేది, మాకు తెలిసిన రైతు ఉన్న ఊరు, రోడ్డు పక్క ఊరు తీసుకోవడానికి వీల్లేదు. ఒకసారి మాకు పడిన ఊరికి బండి పోయే దారి కూడా లేదు. రక్తం తీస్తే దూడ ఎదగదని ఒక ఇల్లాలు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది, "మీ ఢిల్లీ వాళ్ళ కోసం నా పెయ్య నెత్తురు ఎందుకయ్యా?" అని. ఆమెకు ఎదురు చెప్పలేదు. ఆమె గేదె చూడి కట్టిందో లేదో చూసిపెట్టి, నులిపురుగుల మందు ఇచ్చి, మరుసటి వారం మళ్ళీ వెళ్ళాం, అప్పుడు తనే పెయ్యను పట్టుకుంది.

2004లో జబ్బు లేని దేశంగా, 2006 మే 25న వైరస్ సంచారం కూడా లేని దేశంగా ఓఐఈ భారత్‌ను గుర్తించింది. మరుసటి ఏడాది మే నెలలో ఊపిరితిత్తుల జబ్బు సీబీపీపీ లేని దేశంగా కూడా. నాకు తెలిసింది ఒక సర్క్యులర్ కాపీ ద్వారా. 2011 మే నెలలో ప్రపంచంలోనే ముసర లేదని అదే పారిస్ సభలో ప్రకటించారు. మనుషుల మశూచి తర్వాత భూమి మీద నుంచి పూర్తిగా పోయిన రెండో జబ్బు ఇదే. ఏ దేశపు పశువుల వల్ల భయపడి ఆ సంస్థను పెట్టారో ఆ దేశం పేరు కూడా ఆ శుభ్రమైన జాబితాలో ఉంది. ఆ రోజు ఇంట్లో ఎవరికీ ఇదేమిటో అర్థం కాలేదు గానీ నేను మాత్రం స్వీట్లు తెచ్చాను.

కుర్ర డాక్టరు అడిగిన ప్రశ్నకు ఒక జవాబు ఇది: అతని మండలంలో ఇవాళ ముసర టీకాల కోసం ఒక్క రూపాయీ, ఒక్క రోజూ ఖర్చు కావడం లేదు. అంత పనీ పారిస్ చేయలేదు, మన కాపరులు, అటెండర్లు, కాంపౌండర్లు చేశారు. కానీ ఫలానా ప్రమాణం దాటితేనే ఒప్పుకుంటామని బయట ఒకరు గట్టిగా కూర్చోకపోతే మనం టీకాలు ఆపే ధైర్యం చేసేవాళ్ళం కాదు, "అజీర్తి" అని రాసేసి ముందుకు పోయేవాళ్ళం. ఇది నా అభిప్రాయం, చాలామంది సీనియర్లు ఒప్పుకోరు.

సభ్యత్వం మనకు నొప్పి కలిగించిన సందర్భాలు కూడా ఉన్నాయి, అవి దాచి మాట్లాడటం సరికాదు. 1995 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ పశువుల ఆరోగ్య విషయాల్లో ఓఐఈ ప్రమాణాలనే కొలబద్దగా తీసుకుంటోంది. బర్డ్ ఫ్లూ వచ్చిన దేశం నుంచి కోడి మాంసం, గుడ్లు మొత్తం ఆపేస్తామని మనం నిబంధన పెడితే, 2012లో అమెరికా అక్కడ ఫిర్యాదు చేసింది. జబ్బు వచ్చిన ప్రాంతం వరకు ఆపాలి గానీ దేశం మొత్తాన్ని ఆపడం ఆ ప్రమాణాలకు విరుద్ధం అన్నారు. 2015లో అప్పీలులో కూడా మనం ఓడిపోయాం. మన కోళ్ళ రైతులకు అప్పుడు కోపం వచ్చింది, అది న్యాయమైన కోపమే, అమెరికా నుంచి చవకగా వచ్చే కోడి కాళ్ళతో పోటీ పడటం వాళ్ళకు చావుబతుకుల విషయం. కానీ అదే నియమం 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మన వైపు నిలబడుతుంది: తణుకు దగ్గర జబ్బు వస్తే తమిళనాడులోని నామక్కల్ గుడ్డును ఎందుకు ఆపాలి అని అడిగే హక్కు అక్కడి నుంచే వస్తుంది.

ఇప్పుడు ఆ కుర్ర డాక్టరు చేతిలో ఉన్న పని గాలికుంటు, అంటే పశువుల నోట్లో, గిట్టల మధ్య పుండ్లు వచ్చే జబ్బు. 2019 నుంచి జాతీయ కార్యక్రమం నడుస్తోంది, 2030 లక్ష్యం. ఇది ముసర కంటే ఎంతో కష్టం. ముసరకు ఒకే రకం వైరస్, ఒకే టీకా, జీవితకాలం రక్షణ. గాలికుంటులో మన దగ్గరే ఓ, ఎ, ఏషియా-1 అని మూడు తిరుగుతాయి, టీకా రక్షణ ఆరు నెలలే. ఒక్క వెసులుబాటు ఉంది. శుద్ధి చేసిన టీకా వేసిన పశువుకు, జబ్బు వచ్చిన పశువుకు తేడా ఇప్పుడు పరీక్షలో తెలుస్తుంది కాబట్టి, టీకా వేస్తూనే జబ్బు లేని ప్రాంతంగా గుర్తింపు అడగవచ్చు. ముసర రోజుల్లో మాకు ఆ అదృష్టం లేదు.

2025 మే నెలలో పారిస్ సభలో బ్రెజిల్ మొత్తాన్ని టీకా లేకుండానే గాలికుంటు లేని దేశంగా గుర్తించారు. బ్రెజిల్ మాంసం పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతి, అంటే మన నెల్లూరు, ఒంగోలు పశువుల సంతతి. ఆ వార్త చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా ఒంగోలు గిత్త మనవలు సముద్రం అవతల ఆ మెట్టు ఎక్కారు, ఇక్కడ దాని సొంత గడ్డ మీద మేము ఇంకా ఆరు నెలలకొకసారి సిరంజి పట్టుకుని తిరుగుతున్నాం. అదే సభలో భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబును మిగిలిన ముసర వైరస్‌ను భద్రంగా దాచే అత్యున్నత స్థాయి కేంద్రాల్లో ఒకటిగా గుర్తించారు. ఒకప్పుడు మనల్ని చూసి ఓడలు ఆపిన ప్రపంచం, ఆ వైరస్ తాళంచెవి కూడా మన చేతిలో పెట్టింది.

కాబట్టి ఆ అబ్బాయికి ఫోన్లో నేను చివరగా చెప్పింది ఇది. చొంగ కారుతోందని ఎవరైనా పశువును తెస్తే, ఎంత రద్దీ ఉన్నా ముందు నోరు తెరువు, తర్వాత గిట్టల మధ్య చూడు. రిజిస్టర్లో ఊరు, రైతు పేరు, చెవి పోగు మీద ఉన్న పన్నెండు అంకెలు, పళ్ళు, చివరి టీకా తేదీ, మంద ఎటు వెళుతోందో రాసుకో. శాంపిల్ తీసి ఐసులో పెట్టు. పై నుంచి ఎవరైనా వేరే మాట రాయమంటే, తీసిన శాంపిల్ నంబరు వాళ్ళకు చెప్పు. అతను "సరే సార్, రేపు సంత ఉంది, అక్కడి నుంచే మొదలుపెడతా" అన్నాడు.